వస్తాది, ఆగక్కా

మలేషియాలో, క్లాంగ్‌లో మా ఆదివారం తెలుగు తరగతికి మినీ పీసీ కొందామని ఈ రోజు మళ్లీ షాపుకి వెళ్లాను. ఇప్పుడున్న పాత కంప్యూటర్‌లో పాఠం వీడియో పెడితే, అందులోని టీచరమ్మ నోరు తెరిచి "అ" దగ్గరే ఆగిపోతుంది. పిల్లలు పడీపడీ నవ్వుతారు. ఆ పూటకి వాళ్లు నేర్చుకునేది ఆ ఒక్క అక్షరమే.

షాపు నడిపే అప్పలనాయుడు మనవాడే, ఇక్కడి తెలుక్ ఇంటాన్ దగ్గర ఎస్టేటులో పుట్టినవాడు. ఇక్కడివాళ్లందరిలాగే మాట చివర "లా" తగిలిస్తాడు.

"ఇప్పుడెందుకక్కా? కొత్త ప్రాసెసర్ వస్తాది. వేరే గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, లోపలున్నదే జోరుగా ఉంటాది. ఆగక్కా లా."

"పోయినేడూ ఇదే అన్నావు. అదేటైనాది?"

"అది వచ్చినాది లా. రేటు కూడా పైకెళ్లిపోనాది. దాని తర్వాతది ఇంకా బాగుంటాది."

వాదించే ఓపిక లేక వచ్చేశాను. మన భాషలో "వస్తుంది" అంటే రేపు వస్తుందనీ అర్థమే, ఎప్పుడూ వస్తూనే ఉంటుందనీ అర్థమే. అతను ఏ అర్థంలో అంటున్నాడో రెండేళ్లుగా నాకు తెలియడం లేదు.

ఈ ఆదివారం పాఠం భవిష్యత్ కాలం. పిల్లలకి ఏ అర్థం చెప్పమంటారు?