మనసు విప్పే బల్ల: మొదటి నమోదు

ఉద్యోగుల మానసిక ఆరోగ్యం నిమిత్తం డోన్‌లోని మా కార్యాలయంలో ‘మనసు విప్పే బల్ల’ వేశారు. ఒకరోజు శిక్షణ పొందిన నన్ను అధికారిక శ్రోతగా నియమించారు. వారమైనా ఎవరూ రాలేదు. ఈ రోజు మధ్యాహ్నం కసువు ఊడ్చే లక్ష్మమ్మ వచ్చి కూర్చుంది. రిజిస్టరు తెరిచి, నిబంధన ప్రకారం, "మీ బాధ ఏమిటి?" అని అడిగాను.

"నాకేం బాధ సార్! మీరే మీ యమ్మ పోయినప్పట్నుంచి క్యారియర్ ఇప్పకుండానే ఇంటికి తీస్కపోతాండారు. శానా దినాలాయ. ఏంది సార్ కత?"

సెలవు ముగించుకొని విధుల్లో చేరాక నన్ను ఆ మాట అడిగినవారు లేరు. అరగంట మాట్లాడాను. క్యారియర్ కూడా ఖాళీ అయింది.

‘చెప్పుకున్నవారు’ గడిలో నా పేరు, ‘విన్నవారు’ గడిలో ఆమె పేరు రాశాను. ఆమెకు శిక్షణ లేదని పైవారు అభ్యంతరం తెలపవచ్చు. మీ కార్యాలయాల్లో ఈ విధిని ఉత్తర్వులు లేకుండానే ఎవరు నిర్వర్తిస్తున్నారో తెలియజేయగలరు.