మా నాయనమ్మ పంటినొప్పి

నా చిన్నప్పుడు మా ఇంటి లోపలి గదిలో ఒక మూలన వెదురుతో అల్లిన గుమ్మి ఉండేది. జహీరాబాద్ నుంచి న్యాల్‌కల్ వైపు పోయే దారిలో ఉన్న ఊరు మాది. తినే జొన్నలు బస్తాల్లో ఉండేవి, విత్తనాల జొన్నలు మాత్రం గుమ్మిలో ఉండేవి. కోతల రోజుల్లో మా నాయనమ్మ చేనంతా తిరిగి మంచి కంకులు ఏరి, ఎండబెట్టి, చేత్తో రాల్చి, ఆ గింజల్లో బూడిద, వేపాకు కలిపి గుమ్మిలో పోసేది. మూతి మూసి, పేడ, చేలోని మట్టి కలిపి గుమ్మి చుట్టూ నున్నగా అలికేది. మళ్లీ విత్తే రోజు వరకూ దాని మీద చెయ్యి వెయ్యడానికి లేదు. "అవి పండుకున్నయ్, లేపకుండ్రి" అని మా చెల్లెనూ నన్నూ దూరం జరిపేది.

నాకు తొమ్మిదేళ్లున్నప్పుడు వానలు మొహం చాటేశాయి. వరసగా రెండో ఏడు కూడా అంతే. బావిలో నీళ్లు అడుగంటి, బిందె నిండాలంటే ఊట కోసం కూర్చోవాల్సి వచ్చేది. బస్తాలు ఒక్కొక్కటే ఖాళీ అయి గోడకు వేలాడాయి. మా అమ్మానాన్నలు తెల్లారకముందే కరువు పనికి రాళ్లు కొట్టడానికి పోయేవారు. ఇంట్లో నాయనమ్మ, నేను, నాలుగేళ్ల మా చెల్లె. పొద్దున మనిషికి ఒక్క జొన్నరొట్టె. మళ్లీ చీకటి పడేదాకా ఏమీ లేదు. మా చెల్లె మధ్యాహ్నమంతా ఏడ్చి ఏడ్చి, ఏడవడానికి కూడా ఓపిక లేక నా ఒళ్లో పడుకునేది. దాన్ని చూస్తే నాకు ఏడుపొచ్చేది. నా ఆకలి కూడా తక్కువదేం కాదు. తప్పంతా చెల్లె మీదికి నెట్టను.

ఒకరోజు నాయనమ్మ బావి దగ్గరికి పోయిన అదను చూసి, గుమ్మి వెనకవైపు పుల్లతో పొడిచి చిన్న పొక్క చేశాను. గింజలు జలజలా రాలాయి. బూడిద ఊది, పెనం మీద వేయించుకుని ఇద్దరం తిన్నాం. అంత రుచి నాకు మళ్లీ ఏ పెళ్లి భోజనంలోనూ తగల్లేదు. తర్వాత వాకిట్లో మట్టి తడిపి పొక్క మూసి, వేళ్లతో నున్నగా అలికాను. నా పనితనానికి నేనే మురిసిపోయాను. మర్నాడు మళ్లీ అదే పని. అలా ఎన్ని రోజులు చేశానో లెక్క లేదు గానీ, చేసిన ప్రతిసారీ శుభ్రంగా మూశాను.

సరిగ్గా అప్పుడే మా నాయనమ్మకు పంటినొప్పి పట్టుకుంది. దవడ మీద చెయ్యి పెట్టుకుని కూర్చునేది. "పన్ను సలుపుతున్నది, రొట్టె నమలరాదు. మీరిద్దరు తినుండ్రి" అని తన రొట్టె సగం విరిచి మాకిచ్చి, మిగతా సగం నీళ్లలో నానబెట్టుకుని మింగేది. ఆ సగం రొట్టె మధ్యాహ్నానికి దాచుకునేవాళ్లం. చెల్లె ఏడవడం తగ్గింది. నాకు గుమ్మితో పని లేకుండా పోయింది. నాయనమ్మకు పన్ను నొప్పి రావడం మంచిదైందని లోపల్లోపల సంతోషించాను కూడా. ఆ మాట ఇప్పుడు రాస్తుంటే సిగ్గేస్తోంది.

చివరికి వానాకాలం పోయే ముందు రెండు పెద్ద వానలు పడ్డాయి. నల్లచేను నిండా తడిసింది. జొన్న విత్తాలని ఇంట్లో అందరి మొహాలూ వెలిగాయి. గుమ్మి మూతి పగలగొట్టి చూస్తే గింజలు చాలా కిందికి ఉన్నాయి. మా నాన్న మొహం మాడిపోయింది. చేనుకు చాలినన్ని గింజలు లేకపోతే వచ్చే ఏడు తిండి లేదు. ఊళ్లో అడుగుదామంటే ఎవరింట్లో ఉన్నాయి గనక! నాయనమ్మ నా వైపు చూడనైనా చూడలేదు. "ఎలుకలు దిన్నయ్ రా. కరువుల వాటికి మాత్రం ఆకలి గాదా?" అంది. నాన్న మిగిలిన గింజలనే తట్టలోకి ఎత్తసాగాడు.

విత్తేరోజు నాయనమ్మ నన్నూ చేనుకు తీసుకుపోయింది. నాన్న ఎద్దులతో విత్తనాలు వేసే గొర్రు తోలుతుంటే, వెనకే నడుస్తూ ఆమె నడుముకు కట్టుకున్న గుడ్డ ఒడిలోంచి గింజలు తీసి గొర్రు మీది చెక్కగిన్నెలో వదిలేది. పొద్దు వాలేసరికి ఒడిలో గింజలు అయిపోయాయి. చేను చివర ఇంకా కొంత మిగిలింది. నాన్న ఎద్దులను ఆపబోతుంటే వద్దని, నన్ను పిలిచి ఖాళీ ఒడి నా నడుముకు కట్టింది.

"నువ్వు ఎయ్యి బిడ్డా."

"గింజల్లేవు గద నాయనమ్మా."

"లేకుంటేంది, ఉన్నట్లే ఎయ్యి. చెయ్యి తిరగాలె."

నాన్న విసుక్కుంటూనే తోలాడు. నేను ఖాళీ పిడికిలి గిన్నె మీద తిప్పుతూ చేను ఆ కొసదాకా నడిచాను, తిరిగి వచ్చాను, మళ్లీ నడిచాను. ఏడుస్తూ నడిచాను. కొన్నాళ్లకు చేనంతా పచ్చగా మొలిచింది. ఆ చివర మాత్రం గొర్రు గీసిన గీతలు గీతల్లాగే ఉన్నాయి. ఊళ్లోవాళ్లు ఆ దారిన పోతూ ఇదేమిటని అడిగితే నాయనమ్మ ఎలుకల సంగతే చెప్పేది.

మేం ఖాలా, అంటే చిన్నమ్మ, అని పిలిచే మా పక్కింటి ముస్లిం ఆవిడ కూడా అడిగింది. వాళ్ల చేను మా చేనును ఆనుకునే ఉండేది. ఆ సాయంత్రం ఆమె కొంగున చిన్న మూట కట్టుకుని మా ఇంటికి వచ్చింది. "ఫికర్ జెయ్యకు పెద్దమ్మా. జొన్నకు అదను పోయింది గని కుసుమకు ఇంక జర ఉన్నది. ఇవి తీస్కో" అని మూట విప్పింది. వాళ్లింట్లో పొయ్యి రాజేసే రోజులూ తక్కువే. అయినా ఆమె విత్తనాలు తినకుండా దాచుకుంది, దాచుకున్నవి తెచ్చి మా చేతిలో పెట్టింది. తల ఎత్తి ఆమె మొహం చూడలేకపోయాను.

ఆ కుసుమలు నేనే పెట్టాను. ఒక్కొక్క గింజా, వేలితో గుంట చేసి, మట్టి కప్పి, రెండు రోజులు. పిడికిళ్లతో తిన్న చేత్తో ఒక్కో గింజే పెడుతుంటే వాటి విలువ తెలిసింది. జొన్న పండింది, కుసుమ కూడా పండింది. కోసేటప్పుడు కుసుమ ముళ్లు చేతుల నిండా గుచ్చుకున్నాయి. అయినా నా పంట అని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఖాలాకు మూట నిండా తిరిగి ఇచ్చి, మిగిలినవి నాయనమ్మ ఒక చిన్న కుండలో పోసి నాకిచ్చింది.

గుమ్మి మళ్లీ నింపే రోజు వచ్చింది. నాయనమ్మ మూతి మూసి, పేడ, మట్టి కలిపిన తట్ట నా ముందు పెట్టి అలకమంది. నేను శ్రద్ధగా అలుకుతుంటే పక్కన కూర్చుని, ఎవరికీ వినబడకుండా మెల్లగా అంది:

"ఇంకొకసారి పొక్క జేస్తే నల్లమట్టితోని మూయి బిడ్డా."

అప్పుడు చూసుకున్నాను తట్టలోకి. మా చేను మట్టి నలుపు, వాకిట్లో మట్టి ఎరుపు. గుమ్మి వెనక నేను మురిసిపోయి అలికిన ఎర్రటి అతుకు మొదటిరోజు నుంచీ ఆమెకు కనబడుతూనే ఉంది. తిట్టలేదు, కొట్టలేదు, నాన్నకు చెప్పలేదు. ఆకలితో ఉన్న పిల్లల చెయ్యి పట్టుకుని ఆపలేక, తన నోటి దగ్గరి రొట్టె తెచ్చి మాకు పెట్టింది. ఆ మధ్యాహ్నం మా నాయనమ్మ గట్టి జొన్నరొట్టెలు రెండు, ఎల్లిగడ్డ కారంతో కరకర నమిలి తిన్నది. ఏ పన్నూ నొప్పి పెట్టలేదు.

ఇప్పుడు నేను జహీరాబాద్‌లో మా కొడుకు దగ్గర ఉంటున్నాను. మా ఊరి చేలల్లో అల్లం, చెరుకు వేస్తున్నారు, బోర్లు ఏటేటా ఇంకా లోతుకు పోతున్నాయి, విత్తనాలు దుకాణంలో కొంటున్నారు. ఎండాకాలం మా వీధికి ట్యాంకర్ వస్తేనే నీళ్లు. ప్రపంచమంతా తిండికీ నీళ్లకూ కటకట వస్తుందని టీవీలో చెబుతుంటే మా మనవరాలు భయంగా నా మొహం చూస్తుంది. దానికి చెప్పడానికి నా దగ్గర పెద్ద మాటలు లేవు. నా అలమరలో ఒక కుండెడు కుసుమలున్నాయి. ఏటా మా ఊరి నుంచి తాజావి తెప్పించి మారుస్తాను, నల్లమట్టితో మూతి అలుకుతాను. ఈ మధ్య మనవరాలు కూడా నాతో కూర్చుని అలుకుతోంది.

ఈ వయసులో కూడా నా పళ్లు గట్టిగానే ఉన్నాయి, ఆ నాయనమ్మ పోలికే. కానీ పళ్లెంలో రొట్టెలు చాలవనిపించిన పూట మాత్రం నాకు పన్ను సలపడం మొదలవుతుంది.