నమలని సంగటి

మా అత్త జన్మలో సంగటి నమిలి ఎరగదు. హిందూపురంలో పుట్టి పెరిగిన నేనూ ఎరగను. వేడి రాగిసంగటిని వేళ్లతో తుంచి, పప్పులో అద్ది, నాలుక మీద పెట్టుకుని మింగుతాం. నమిలితే పళ్లకు అంటుకుంటుంది, పక్కన తినేవాళ్లు నవ్వుతారు. ఇది ఒకరికి విడమరచి చెప్పాల్సిన విషయమని పాప పుట్టేదాకా నాకు తోచలేదు.

పాపకు ఐదో నెల నడుస్తుండగా నా భార్య పోయింది. కాన్పు తర్వాత గుండె బలహీనపడిందన్నారు. మధ్యాహ్నం పాపను పక్కలో వేసుకుని పడుకుంది, మళ్లీ లేవలేదు. నేను పక్కగదిలో చదువుకుంటున్నాను. ఏ చప్పుడూ వినబడలేదు. దీని గురించి ఇంతకంటే రాయను.

కూతురు పోయాక అత్త ధర్మవరంలో తన ఇంటికి తాళం వేసి హిందూపురంలో మా దగ్గరికి వచ్చేసింది. నేను రోజూ రైల్లో పెనుకొండకు, అక్కడి కాలేజీలో ఉద్యోగానికి పోయి వస్తాను. పగలంతా పాప అత్త చేతుల్లోనే ఉండేది.

ఆరు నెలలు నిండాక డబ్బాపాలకు తోడు తిండి మొదలుపెట్టాం. మొదట రాగిజావ, తర్వాత మెత్తటి సంగటి. అత్త చింతగింజంత ఉండ చేసి, పప్పుకట్టులో ముంచి, చెంచా కొసన పెట్టి నోటికి అందించేది. వెంటనే పాప గొంతు మీద వేలితో పైనుంచి కిందికి మెల్లగా రాస్తూ "గుటుక్" అనేది. పాప మింగేది. కొన్నాళ్లకు వేలు అక్కర్లేకపోయింది. మాట వినబడితే చాలు, మింగేది.

పిల్లల డాక్టరమ్మకు చూపిస్తే, చెంచాతో పెట్టడం ఒక్కటే చాలదంది. "చేతికి కూడా ఇవ్వండి. చెంచాతో కడుపు నిండుతుంది, చేత్తో తింటే నమలడం వస్తుంది. రెండూ కలిసి నడవాలి." వేళ్ల మధ్య నొక్కితే చితికిపోయేంత మెత్తగా ఉడికించమంది. చివర్లో ఇంకో మాట చెప్పింది. "ఓక్‌మన్నా, దగ్గినా కంగారు పడొద్దు. చప్పుడు ఉన్నంతసేపూ గాలి ఆడుతున్నట్టే. చప్పుడు లేకపోతేనే భయం." అప్పుడేం చేయాలో ఒక బొమ్మను ముంజేతి మీద బోర్లా వేసుకుని చూపించింది. ఇంటికి వచ్చి నేను దిండుతో చేసి చూసుకున్నాను.

"దిండుకు ఏమైందప్పా?" అంది అత్త.

గెనుసుగడ్డ, అదే చిలగడదుంప, క్యారెట్టు ఉడికించి, వేలంత పొడుగు ముక్కలు పాప పిడికిట్లో పెట్టేవాణ్ని. అత్త గడప దగ్గర కూర్చుని చూసేది.

"రెండు పండ్లు ఉండాయి నీ కూతురికి. వాటితో గడ్డలు కొరకమంటావా? ఇంకేమి, చెరుకుగడ కూడా తెచ్చియ్యి."

"చిగుళ్లతో నములుతుంది అత్తా."

"నేను నలుగుర్ని పెంచినా. నువ్వు ఫోను చూసి పెంచుతాండావు."

అన్నదే గానీ, నేను లేనప్పుడు తనూ ముక్కలు ఇవ్వడం మొదలుపెట్టింది. పాప ఓక్‌మన్నప్పుడల్లా ముంజేయి చాచేవాణ్ని, ఆ వెంటనే ఊరట కలిగేది. చప్పుడు ఉంది.

పోనుపోను ఆ చప్పుడు తగ్గింది. అలవాటు పడిందనుకున్నాను. ఒక ఉదయం దగ్గరగా కూర్చుని చూస్తే పాప దవడ కదలడం లేదు. తుంచిన ముక్కను నాలుక మీద కాసేపు ఉంచుకుని మింగేస్తోంది. గెనుసుగడ్డను సంగటిలా తింటోంది.

అత్తకు చెప్తే నవ్వింది. "సంగటి నమిలే ఊరు యాడన్నా ఉండాదా?"

"ఇది సంగటి కాదు అత్తా. ముక్క నోట్లో ఉన్నప్పుడు 'గుటుక్' అనొద్దు."

"అననులే."

ఆ రోజు నుంచి కాలేజీలో ఫోను మోగితే వెంటనే తీయలేకపోయేవాణ్ని. ఎవరు చేశారో చూడటానికి ముందు కాసేపు దాన్ని చేతిలో పట్టుకుని నిలబడేవాణ్ని.

ఒక ఆదివారం ధర్మవరం ఇల్లు ఊడ్చి రావాలని ముగ్గురం బయల్దేరాం. పెనుకొండ దాటాక పాప ఏడుపు అందుకుంది. అత్త ఒళ్లో కూర్చోబెట్టుకుని టిఫిన్ డబ్బా తెరిచింది. ఏడుపు ఆపడానికి నేను గెనుసు ముక్క చేతికిచ్చాను. రైలు బాగా వేగం అందుకుంది. కిటికీలోంచి వచ్చే హోరుకు ఎదురుగా కూర్చున్న ఆమె మాటలే నాకు సగం వినబడలేదు. ఇక్కడ పాప చప్పుడు నాకు వినబడదు అనుకున్నాను. అనుకుంటూనే పాప వైపు తిరిగాను.

పాప నోట్లో గెనుసు ముక్క ఉంది. అత్త ఇంకో చేత్తో సంగటి చెంచా తెచ్చి, అలవాటు కొద్దీ పెదవులు కదిలించింది. ఆ మాట నాకు వినబడలేదు, కనబడింది. పాప మింగింది.

నోరు తెరిచే ఉంది. కళ్లు నా మీదే ఉన్నాయి. ఏడుపు లేదు, దగ్గు లేదు. పెదాలు నల్లబడుతున్నాయి.

లాక్కుని ముంజేతి మీద బోర్లా వేశాను. తల కిందికి ఉంచి, రెండు భుజాల నడుమ అరచేతి మొదలుతో చరిచాను.

"ఏమప్పా, పసిబిడ్డను అట్ల కొడతాండావు?" అని ఎదుటి ఆమె లేచింది. మళ్లీ చరిచాను. మళ్లీ. ముక్క నా చెప్పు మీద పడింది. ఒక క్షణం ఏమీ లేదు. తర్వాత రైలు హోరును మించి ఏడ్చింది.

అత్త చెంచాను చీర కుచ్చిళ్లతో తుడిచి డబ్బాలో పెట్టి మూత బిగించింది. ధర్మవరం వచ్చేదాకా దాన్ని మళ్లీ తెరవలేదు.

సాయంత్రం ఆ ఇంట్లో అత్త పొయ్యి వెలిగించి సంగటి కెలికింది. పాపకు ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని, ముద్ద తన నోట్లో పెట్టుకుని నమలడం మొదలుపెట్టింది. దవడలు పెద్దగా ఆడిస్తూ, నోరు తెరిచి చూపిస్తూ నమిలింది. పళ్లకు నల్లగా అంటుకుంది.

"చూడమ్మీ, అవ్వ ఎట్ల నములుతాందో." నా వైపు తిరిగి, "ఇంత రోత తిండి నేనెప్పుడూ తినలేదప్పా" అంది. నవ్వలేదు.

పాప ఆ దవడల వంక చూస్తూ ఉంది. నేను గెనుసు ముక్కను చిదిమి చేతికిచ్చాను. నోట్లో పెట్టుకుంది. అదే సమయానికి పక్కింట్లో మగ్గం చప్పుడు మొదలైంది. నేను లేచి తలుపు మూశాను. అయినా చప్పుడు ఆగలేదు. వచ్చి పాప ముఖానికి ఎదురుగా కూర్చుని, దవడ కదులుతుందేమోనని చూస్తూ ఉన్నాను.