పై రాయి

సార్డీనియా తీరంలో కొండ అంచునే సాగే కాలిబాటకి గుర్తులు ఒకదాని మీద ఒకటి పేర్చిన రాళ్లే. నడకకి వచ్చినవాళ్లు సరదాకి మరికొన్ని పేర్చిపోతారు. వాటిని నమ్మి అడుగేస్తే కింద సముద్రమే. అందుకే బొనారియా పొద్దున్నే నల్ల శాలువా బిగించుకుని, ఎడమకాలు ఈడ్చుకుంటూ వచ్చి, ఆ దొంగగుర్తుల్ని చేతికర్రతో కూల్చేస్తుంది. ఒక్కదాన్ని మాత్రం ముట్టుకోదు. మలుపులో, సముద్రం వైపున్న ఆ చిన్న కుప్ప, పడవ మునిగి చనిపోయిన కొడుకు గవీనో చిన్నప్పుడు ఆడుకుంటూ పేర్చింది. దాని పక్కనే కూర్చుని, వచ్చేవాళ్లకి "అటు కాదు నాయనా, ఇటు" అని సాయంత్రందాకా చెయ్యి చూపిస్తుంది.

ఈ చలికాలం దగ్గు ముదిరింది. మేకలు తోలుకొస్తున్న ప్రెదు నిన్న ఆగాడు.

"నువ్వు మంచాన పడితే ఇక్కడెవరు కూర్చుంటారు పిన్నీ? నీ దయ్యమా?"

"దయ్యానికి దగ్గుండదులేరా. హాయిగా కూర్చుంటుంది."

అతను నవ్వలేదు. "పోనీ, ఈ కుప్పని నన్ను కూల్చెయ్యమంటావా?"

"నీ చెయ్యి పడనివ్వను."

అతను వెళ్లాక పై రాయి తీసి ఒళ్లో పెట్టుకుంది. రెండోదాని మీదికి చెయ్యి పోలేదు. పొగమంచు కమ్ముతుండగా ఎవరివో మాటలు వినిపించాయి. రాయిని మళ్లీ దాని చోట పెట్టేసి, బాట మీదికి వచ్చి పిలవబోయింది. మాట రాలేదు, దగ్గే వచ్చింది. కళ్లకి ఏమీ కనిపించని ఆ మంచులో వాళ్లు దగ్గు వినబడిన వైపే నడిచి వచ్చారు.