ఆవుకన్నా ముందు పురోహితుడు

ఆ ఉదయం ఉద్దానంలో అక్కవాళ్ల కొత్త ఇంటి ముందున్నవారు: అక్క, బావ, బావ తల్లి అయిన అత్త, నేను, అరువు తెచ్చిన ఆవు, సామాను ఎక్కించిన ట్రాక్టర్. లేనివారు: పురోహితుడు. కోటబొమ్మాళిలో మరో పూజ ముగించుకుని వస్తుంటే ఆయన బండి టెక్కలి దాటాక ఆగిపోయింది.

ముహూర్తం పదీ నలభై రెండు వరకే. మర్నాటి నుంచి మూఢం. అద్దె ఇల్లు సాయంత్రానికి ఖాళీ చేయాలి. అందుకని ఆయన వీడియో కాల్‌లో కార్యం జరిపిస్తానన్నారు. అత్త ఫోన్‌కు గంధం రాసింది. అది ఆయన ముక్కు మీద పడింది.

గడప దగ్గర చిక్కొచ్చింది. గృహప్రవేశంలో ఆవు ముందు వెళ్లాలి, వెనక మనుషులు.

"పురోహితుడంటే ఏమిటనుకున్నారు?" అన్నారాయన ఫోన్‌లోంచి. "పురః అంటే ముందు. హితుడంటే ఉంచబడినవాడు. ముందుంచండి బాబూ. జేబులో వేసుకుని తీసుకెళితే నేను సామానునవుతాను."

"ఆవు ఎల్లకుండా నాను గడప తొక్కను," అంది అత్త. "పంతులుగోరిని తరవాత లోపల సార్జింగు ఎడదాం."

"ఆవు కొమ్ముకి కట్టీ బామ్మర్దీ. ఇద్దరూ ఒక్కసారే ఎల్తారు," అన్నాడు బావ.

టేపు తీసి కొలిచాను. కొమ్ము నుంచి ముట్టెకు నలభై ఆరు సెంటీమీటర్లు. కొమ్ముకు కడితే ముట్టే ముందు దాటుతుంది. ఆయన కుదరదన్నారు.

"ఏటి మీ కొలతలు?" అంది అక్క. "పదిన్నరైపోనాది. రేత్రి నాను ట్రాక్టర్లో తొంగోవాలా?"

సెల్ఫీ స్టిక్కుకు ఫోన్ బిగించి ఆవు ముట్టెకు జానెడు ముందు పట్టుకున్నాను. ఆయన మంత్రం అందుకున్నారు. ఆవు నాలుక చాచి గంధమంతా నాకింది. కాల్ తెగింది.

"పంతులుగోరు పోనారు. పద," అని బావ వెనక నుంచి ఆవును తోశాడు. అది కదలలేదు. ఫోన్ మళ్లీ మోగింది. తెర వెలిగేసరికి ఆవు దానివైపు ఒక అడుగు వేసింది. నేను ఒక అడుగు వెనక్కి వేశాను. అది మరో అడుగు. అలా గడప దాటాం.

"ముందు నేనే కదా వెళ్లింది?" అని అడిగారాయన, లోపల నేను కాల్ ఎత్తగానే.

"మీరేనండి," అన్నాను.

లోపలికి వెళ్లిన క్రమం: నా వీపు, పురోహితుడు, ఆవు, అక్కాబావలు, అత్త. అత్త రెండో కాలు పెట్టేసరికి పదీ నలభై ఒకటి.