చూడొచ్చు, రాసుకోకూడదు

మా పాపకి ఎనిమిదో నెల వచ్చేసరికి నాకు నీళ్ల భయం పట్టుకుంది. శ్రీకాకుళంలో మా వీధికి నాలుగు బోర్లు. ఏ బోరు నీళ్లు కాచి పట్టాలో తెలియదు. నీటి పరీక్షల ఫలితాలు ఒక ఆఫీసులో ఉన్నాయంటే పాపను చంకనేసుకుని ఆటో ఎక్కాను. ప్రభుత్వ డేటా అంతా జనానికి తెరిచేస్తున్నారని అప్పట్లో పేపర్లు తెగ రాసేవి.

గుమస్తా కుర్చీ వేసి మరీ ఫైలు తెరిచాడు. నేను పెన్ను తీయగానే మూసేశాడు.

"ఎంతసేపైనా సూడండమ్మా. రాసుకోడానికి మాత్రం రూలు లేదు."

కాగితం మీదికి ఎక్కితే ఎవరి చేతిలో ఏమవుతుందోనని ఆయన బెంగ. తలలోకి ఎక్కితే ఆఫీసుకి అభ్యంతరం లేదట. డిగ్రీ పరీక్షలకి కూడా నేనంత బట్టీ పట్టలేదు. పెదాలు కదుపుతూ మెట్లు దిగి, పాప టీకాల కార్డు వెనక రాసేశాను. బడి బోరు మంచిది, సంత బోరు పనికిరాదు.

ఇంటికొచ్చి పట్టిక గీసి గేటుకి అంటించాను. కష్టపడ్డది నేను కదా, అడుగున ఎర్ర సిరాతో 'నా అనుమతి లేకుండా ఎవరూ రాసుకోరాదు' అని కూడా రాశాను. గుమస్తాని తిట్టుకుంటూనే రాశాను.

వారం తర్వాత, మాకు చేపలు తెచ్చే ఆవిడ గంప దించకుండానే నిలదీసింది.

"ఏటమ్మా, మా పిల్ల నీ కాయితం సూసి రాసుకొచ్చినాది. ఇస్కూలు బోరు నీళ్లెట్టి పప్పేస్తే పొద్దెక్కినా ఉడకనేదు. తిరగేసి రాసినావేటి?"

రాసుకోవద్దన్నాను కదా అని గొణిగాను. వెనక నుంచి మా అత్తగారు అందుకున్నారు.

"ముగ్గు నచ్చితే సూసి ఏసుకుంటాం. ఎవులినైనా అడుగుతామేటి?"

నాకు ముగ్గుల మీద ధ్యాస లేదు. వారంగా పాపకి పట్టింది ఆ నీళ్లే.

ఆఫీసుకి పరుగెత్తాను. నిజమే, రెండు వరసలు నా తలలో తారుమారయ్యాయి. అటునుంచి అటే డాక్టరు దగ్గరికెళ్తే, వారం తాగినందుకు ఏమీ కాదు, నీళ్లు మార్చమన్నాడు. ఆ పిల్ల నా మాట విని రాసుకోకుండా ఉంటే, పాపకి ఆ నీళ్లే ఇంకెన్నాళ్లు పట్టేదాన్నో.

కొత్త పట్టిక అడుగున ఇలా రాశాను: 'ఎవరైనా రాసుకోండి, దిద్దండి, పంచండి. ఏ గేటు మీద చూశారో మాత్రం చెప్పండి.' నీళ్ల క్యాన్ల వ్యాపారి దాన్ని అచ్చేయించి, పైన తన దుకాణం పేరు పెద్దక్షరాల్లో వేసుకున్నాడు. ఒళ్లు మండింది. కానీ అడుగున మా గేటు ఊసుంది. నా షరతు తప్పలేదు.

ఒక ఆదివారం గేటు ముందు ఎవరో చేతులు వెనక్కి కట్టుకుని, పెదాలు కదుపుతూ నిలబడ్డారు. గుమస్తా. మా పక్క వీధికి అద్దెకొచ్చాడట.

పెన్ను తెచ్చి ఇచ్చాను.