గుడారంలో గీసిన బాణం

2011 సెప్టెంబరులో నేను భూగర్భ సర్వే శాఖలో సీనియర్ జియాలజిస్టును. నల్లమల తూర్పు అంచు పటాన్ని అచ్చుకు పంపే బాధ్యత నాది. పదిహేనేళ్ళ కిందట గీసిందీ నేనే. రిటైరయ్యేలోగా నా పేరు మీద వెలువడబోయే ఒకే ఒక్క పటం అది. ప్రత్యేక రాష్ట్రం కోసం సాగుతున్న సమ్మె వల్ల ఆఫీసు మూతపడితే, దిల్‌సుఖ్‌నగర్‌లోని కిరాయి ఇంట్లో ఆఖరి ప్రతి ముందు పెట్టుకొని కూర్చున్నాను. సంతకం ఒక్కటే మిగిలింది.

నల్లమల ఒకప్పుడు సముద్రపు అడుగు. వంద కోట్ల ఏళ్ళకు ముందు అక్కడ ఇసుకా బురదా పొరలుగా పేరుకుని రాయి అయ్యాయి. తర్వాత తూర్పు నుంచి వచ్చిన ఒత్తిడికి ఆ పొరలు దుప్పటిలా ముడతలు పడి పైకి లేచాయి. మామూలుగా కింది పొర పాతది, పై పొర కొత్తది. మడత బాగా ఒరిగి పడిన చోట ఈ వరస తలకిందులవుతుంది. దాన్ని పట్టుకోవడానికి రాతి మీద నిలిచిపోయిన అలల గుర్తులు చూస్తాం. వాటి మొనదేలిన గట్లు, పొర ఏర్పడినప్పుడు పైకి ఉన్న వైపును చూపిస్తాయి. అందుకే రాయిని కొండ నుంచి విడగొట్టకముందే, ఆకాశం వైపు చూపేలా ఎర్ర రంగుతో దాని మీద బాణం వేయాలి. మా వృత్తిలో ఇది మొదటి పాఠం.

అచ్చుకు ముందు ఒకసారి సరిచూసి రమ్మని జూనియర్ జియాలజిస్టు సుజాతను పంపాను. నల్లగొండ వైపు అమ్మాయి, ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ తనిఖీ లాంఛనమే అనుకున్నాను. ఆమె తిరిగి రావలసిన రోజు మధ్యాహ్నం ఎల్బీనగర్ నుంచి ఒక ఎస్సై ఫోన్ చేశాడు.

"మీ శాఖ మనిషినంటోందండీ. సంచి నిండా రాళ్ళున్నాయి. ఇవాళ్టి రోజున రాళ్ళేంటండీ?"

సాగర్ రోడ్డు మీద ఉద్యమకారులు పొయ్యిలు పెట్టి వంటా వార్పూ చేస్తున్నారు. జీపు ఆగిపోతే ఆమె సంచి భుజాన వేసుకుని నడిచిందట. బస్సులు లేవు. కొత్తపేట మీదుగా నేనూ నడిచే వెళ్ళాను. కూడలి దగ్గర షామియానా కింద పోలీసులు బల్ల మీద రాళ్ళు పరిచి పెట్టారు.

"ఏందమ్మా, గిన్ని రాళ్ళు మోసుకొస్తివి, ఇల్లు కడతవా?" అంటున్నాడు కానిస్టేబుల్.

సుజాత నన్ను చూడగానే, "కేసు పెడితే నా నౌకరి పోతది సార్," అంది. ఆ వెంటనే, "గీ రాయి జర చూడుండ్రి," అంది.

కొండ మీదే ఆమె వేసిన బాణం పైకి ఉంది. అలల గట్లు కిందికి ఉన్నాయి. రాయి తీసిన చోట నా పాత నమూనా నంబరు ఇంకా చెరిగిపోలేదని ఫొటో కూడా చూపింది.

ఆ వాగు నాకు గుర్తుంది. ఆ పొరను చూడాలంటే బురదలో బోర్లా పడుకొని రాతి చూరు కిందికి పాకాలి. మా తాత దేశ్‌ముఖ్. భూములన్నీ పోయాక మాకు మిగిలినవి ఇస్త్రీ బట్టలూ, వంగని నడుమూ. కూలీని పంపి, ఆ చోట నంబరు వేయించి రాయి తెప్పించుకున్నాను. గుడారంలో కుర్చీలో కూర్చొని, వరస మామూలుదే అనుకుని, గట్లు పైకి వచ్చేలా రాయిని తిప్పి పెట్టుకొని బాణం గీశాను. తలకిందులైన మడత నా పటంలో మామూలు వాలుగా నమోదైంది.

"ఇవి దేనికో కాగితం మీద రాసివ్వండి, పంపించేస్తాను," అన్నాడు ఎస్సై.

సర్వే పని కోసం అని రాస్తే అతనికి చాలు. సుజాత ఉద్యోగం ఖాయం కావడానికి ఆమె పనితీరు మీద రిపోర్టు రాయవలసింది నేనే. నేను ఇలా రాశాను: "ఇవి నల్లమల రాళ్ళు. నా పటాన్ని సరిచూడమని నేనే ఈ అధికారిని పంపాను. పటం తప్పని ఈ రాళ్ళు రుజువు చేస్తున్నాయి." కింద సంతకం, హోదా.

ఎస్సై రెండుసార్లు చదివాడు. "మీ తప్పుకి మీరే సాక్ష్యమాండీ?"

అవునన్నాను. ఆమెను వదిలేశారు.

పటం అచ్చు ఆగింది. నేను రిటైరయ్యాక సరిదిద్దిన పటం సుజాత పేరుతో వచ్చింది. రాయి ఏ వైపు ఉందో తెలియాలంటే అది ఉన్న చోటికే పోవాలి, కుర్చీలో గీసిన బాణాన్ని పటంలోకి ఎక్కించకూడదు. రిటైరయ్యే ముందు ఒకసారి ఆ వాగుకు వెళ్ళి, బురదలో బోర్లా పడుకొని చూశాను. గట్లు కిందికే ఉన్నాయి.